అవతలి ఒడ్డు నూనె

చెరకు బండ్లు బోధన్ ఫ్యాక్టరీ తోవ పట్టిన వారానికే మా వదినకు కడుపు మీద దురద మొదలైంది.

మొదట కొంగు పైనుంచే నెమ్మదిగా గీరుకునేది. తర్వాత గోళ్లు చాలక, గింజలు ఒలిచిన మక్కబెండు ఒకటి తీసుకుని దొడ్లోకి పోయి, గోడ చాటున నిలబడి రుద్దుకునేది. చలికాలంలో మంజీర మీది గాలి మా వాకిట్లోకి నేరుగా వస్తుంది. పెదవులు పగులుతాయి, మడమలు పగులుతాయి, ఎడ్ల ముట్టెలు కూడా పగులుతాయి. ఎదిగే కడుపు మీది చర్మం ఎంతకని ఓర్చుకుంటుంది? బిగుసుకుపోయి, పొట్టు లేచి, ఎర్రటి చారలు పడ్డాయి. ఒక పొద్దున ఉతకడానికి తీసిన ఆమె చీర మీద నెత్తురు చుక్కలు కనిపించాయి. ఎవరూ చూడకముందే నీళ్లలో ముంచేశాను.

ఇంట్లో నూనె లేక కాదు. వంటింటి మూల నువ్వుల నూనె కుండ ఉంది. దూలానికి ఆముదం సీసా వేలాడుతోంది. వదిన తలకు నువ్వుల నూనె, కాళ్లకు ఆముదం రోజూ నేనే రాసేదాన్ని. కడుపుకు మాత్రం రాయకూడదు. మా ఇంట్లో, మా పాలోళ్ల ఇండ్లల్లో ఒక పద్ధతి ఉంది. తొలిచూలు కడుపు మీద పడే మొదటి నూనె పుట్టింటి నుంచి రావాలి. అయిదో నెలలో తల్లివైపు ఆడమనిషి ఎవరైనా తెచ్చి తన చేత్తోనే రాయాలి. అది అయ్యాక ఎవరి నూనె రాసుకున్నా అడిగేవాళ్లు లేరు. ఆ నూనె తెచ్చిన చేతులే ఏడో నెలలో మళ్లీ వచ్చి, పిల్లను కాన్పుకు తోలుకుపోతాయి.

వదిన పేరు తారాబాయి. పుట్టిల్లు మంజీర అవతల వడ్‌గావ్. వాళ్లింట్లో మరాఠీ మాట్లాడతారు. ఆమె తల్లి ముక్తాబాయి ఆ వానాకాలంలోనే చనిపోయింది. నది నిండుగా ఉండి వదిన ఆఖరి చూపుకు కూడా పోలేకపోయింది. మిగిలింది ఒక్క అన్న, ఆత్మారాం. ఆయన నాందేడ్ మిల్లులో పని దొరికిందని భార్యను తీసుకుని ఇంటికి తాళం వేసి పోయాడు. అయినా వదిన ఎదురుచూసేది. నీళ్లు తగ్గి రేవులో బండ్లు దాటడం మొదలయ్యాక రోజూ వాకిలి ఊడ్చే నెపంతో నదివైపు చూసేది.

ఆ ముందటి ఏడాదే రాష్ట్రాలు వేరు చేసి, అవతలి ఒడ్డును బొంబాయిలో కలిపారు. మా అన్నకు అదొక నవ్వులాట అయిపోయింది.

"ఇగ నీ పుట్టిల్లు బొంబాయి రాజ్యం" అనేవాడు, ఎడ్లకు దాణా కలుపుతూ. "నడుమల పోలీసోడు కూసుంటడు. చిట్టీ సూపెడ్తెనే మీ ఆత్మారాంను దాటనిస్తరు."

"నాకు భి చిట్టీ రాయించి తెచ్చుకున్నవా మరి?" అనేది వదిన.

"నిన్ను అంతకుముందే ఎత్తుకచ్చిన. అప్పుడు పోలీసోడు లేడు."

కార్తీకంలో ఆమె ఈ మాటకు నవ్వింది. పుష్యం వచ్చేసరికి నవ్వడం మానేసింది. అన్న కూడా అనడం మానేశాడు.

నేను ఊరి బడిలో ఉన్న తరగతుల వరకు చదివాను. ఆపై బడి బోధన్‌లో ఉంది, పంపలేదు. నాతో చదివిన పిల్లలు పెండ్లిళ్లయి వెళ్లిపోయారు. పొద్దంతా ఒక్క మాట కూడా మాట్లాడకుండా గడిచిపోయిన రోజులు నాకు చాలా ఉన్నాయి. మాట్లాడకూడదని కాదు. మాట నోటిదాకా వచ్చేసరికి ఎదుటివాళ్లు వేరే మాటలోకి పోయేవాళ్లు. వదినకు మా మాటలు సరిగా రావు, వెతుక్కుని వెతుక్కుని మాట్లాడేది. అందుకే మా ఇద్దరికీ కుదిరింది. ఆమె వెతుక్కునేలోపు నాకూ మాట దొరికేది.

మధ్యాహ్నం మా అమ్మానాన్నలు, అవ్వ చేను కాడికి, బాపు చెరకు బండి మీద పోయాక, నేను ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని ఆముదం రాసేదాన్ని. చిక్కటి నూనె, చలికి ఇంకా చిక్కబడి జారేది కాదు. అరచేతుల మధ్య రుద్ది వేడి చేసుకోవాలి.

"వన్సా, జర పైకి. పిక్క కాడ" అనేది. వన్సా అంటే వాళ్ల మాటలో ఆడబిడ్డ. "నీ చెయ్యి మంచిగున్నది. నీకు పెండ్లయితె మీ అత్త నిన్ను నూనెకుండ కాడికెల్లి లేవనియ్యది."

"నేను చేసుకోను పెండ్లి."

"అందరు గట్లనే అంటరు. నేను భి అన్న. ఇగో సూడు" అని కడుపు చూపించి నవ్వింది.

కడుపులో బిడ్డ కదిలినప్పుడు నన్ను తాకమనేది. నేను గబగబా పొయ్యిలోని బూడిదతో చేతులు తోముకుని, కడుక్కుని, తుడుచుకుని వచ్చేదాన్ని, ఆముదం జిడ్డు కొంచెమైనా తగలకూడదని. నేను వచ్చేలోపు బిడ్డ పడుకునేది. నా చేతి కింద గరుకైన, ఎండిన చర్మం మాత్రం ఉండేది. ఎండాకాలం చెరువు అడుగు తాకినట్టుండేది.

నాగోబ జాతర దాటింది. ఆరో నెల కూడా నిండింది. నది దాటి వచ్చే బండ్ల వాళ్లను అన్న అడిగి వచ్చాడు. ఇంటికి తాళం అట్లనే ఉందట.

పక్కింటి రేణుకమ్మ గోడ మీద మోచేతులు ఆన్చి అడిగింది. "ఏం భీమవ్వా, మీ వియ్యపోళ్ల నూనె ఇంక గానుగల్నే తిరుగుతున్నదా?"

అవ్వ చాటలో పసుపు కొమ్ములు ఇంకా గట్టిగా చెరిగింది. రేణుకమ్మ వెళ్లాక నేను ధైర్యం చేశాను.

"అవ్వా, మన నూనెనే రాస్తె ఏమైతది? నెత్తురొస్తున్నది ఆమెకు."

అవ్వ చాట దించింది. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"నాకు మీ అన్న కంటె ముందు ఒక బిడ్డ" అంది. "మా అవ్వకు జరమొచ్చి రాలే. మీ నాయనమ్మ ఇంట్ల నూనెనే రాసింది, ఏమైతది అన్నది. బిడ్డ ఉండలే."

"నూనె వల్లనా?"

"నాకేమెర్క? తల్లి చెయ్యి పడలే. గంతే ఎర్క." మళ్లీ చాట ఎత్తుకుంది. "అడుగకు అన్సూ. గా పిల్లను సూస్తె నాకు మంచిగ అనిపిస్తున్నదనుకున్నవా?"

అవ్వకు ఒక బిడ్డ పోయిందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ వారం అవ్వ బోధన్ అంగడికి మిగిలిన పాత పసుపు కొమ్ములు అమ్మడానికి పోతూ, మూట మోయడానికి నన్ను వెంట తీసుకుపోయింది. నూనె అమ్మే వరస మసీదు వెనుక ఉంటుంది. అవతలి ఒడ్డున గానుగ ఆడే గాండ్లవాళ్లు రేకు డబ్బాలతో అక్కడే కూర్చుంటారు. అవ్వ బేరంలో పడ్డప్పుడు నేను లేచాను. ఎందుకు లేచానో నాకే సరిగా తెలియదు. అంతమంది మధ్య నడుస్తుంటే అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు.

వరస చివర ఒక ముసలామె కచ్చపోసి చీర కట్టుకుని, నూనె డబ్బా ముందు కూర్చుంది. ఆమె ముందర పోయి నిలబడ్డాను. నిలబడే ఉన్నాను.

"నూనె కావాల్నా?" అంది.

తల అడ్డంగా ఊపాను.

"మరి నీడకు నిలబడ్డవా? పక్కకు జరుగు, బేరాలొస్తయి."

పక్కన ఇంకొకామె నవ్వింది. "నోరు మరిచొచ్చినట్టున్నది, గంగుబాయీ. కొలిచి పొయ్యి రెండు మాటలు."

నా కండ్లల్లో నీళ్లు తిరిగాయి. తిరిగి పోబోయాను. గంగుబాయి నా కొంగు పట్టుకుంది.

"అగ పోరీ, నవ్వులకన్నరు. చెప్పు. ఎవలి బిడ్డవు?"

"వడ్‌గావ్" అన్నాను. అది ఆమె అడిగినదానికి జవాబు కాదు. "మా వదినది వడ్‌గావ్. ముక్తాబాయి బిడ్డ. తారాబాయి. ఏడో నెల పడ్డది. నూనె తెచ్చేటోళ్లు లేరు."

ఒక్క ఊపిరిలో చెప్పేశాను. గంగుబాయి కొలతపాత్ర డబ్బా మీద పెట్టి నావైపు తిరిగింది.

"తారీకి ఏడో నెలనా?" అంది. "ముక్తాబాయి పానం పోయేటప్పుడు నేనే తలాపున ఉన్న. ఆత్మారాం చెప్పలే నాకు. ఎవ్వలు చెప్పలే." నా కొంగు వదిలింది. "మీ అవ్వకు ఎరుకనా నువ్వొచ్చింది?"

"లేదు."

"కొడ్తదా?"

"ఏమో."

"నేను రేపు పొద్దుగాల వస్త. కొడ్తె ఇద్దరం కలిసి తిందాం."

ఇంటికి వచ్చాక నేనెవరికీ చెప్పలేదు. పద్ధతిలో రెండో సగం నాకు గుర్తుంది. నూనె తెచ్చిన చేతులే తోలుకుపోతాయన్నది. కానీ అంగట్లో నూనె అమ్ముకునే ముసలామె, గాండ్లామె, కులం కాదు, చుట్టం కాదు. ఆమె లెక్కలోకి రాదనుకున్నాను. నూనె వస్తుంది, దురద పోతుంది, వదిన ఇక్కడే ఉంటుంది. అంతవరకే ఆలోచించాను.

పొద్దున ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు గంగుబాయి కడప అవతల నిలబడింది. తలమీద చిన్న రేకు డబ్బా, నడుముకు సంచి. వదిన అప్పుడు పందిరి గుంజ పట్టుకుని లేస్తోంది. లేచినది లేచినట్టే ఆగిపోయింది.

"మావ్శీ" అంది. వాళ్ల మాటలో పిన్ని. ఆ తర్వాత ఆమె నోట్లోంచి మరాఠీ ధారగా వచ్చింది. మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె అంత తొందరగా మాట్లాడగా నేను వినలేదు. ఎక్కడా వెతుక్కోవడం లేదు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

అవ్వ వంటింట్లోంచి వచ్చింది. గంగుబాయి లోపలికి అడుగు పెట్టలేదు. డబ్బా దించి చేతుల్లో పట్టుకుని, అవ్వతో తెలుగులో చెప్పింది.

"ఆలిశెం అయింది. నది అడ్డముండె. ముక్తాబాయి పంపింది."

చనిపోయిన మనిషి పేరు అది. గోడ అవతల రేణుకమ్మ చీపురు చప్పుడు ఆగింది. అవ్వ గంగుబాయిని చూసింది, డబ్బాను చూసింది, నన్ను చూసింది. నేను నేల చూశాను. అవ్వ లోపలికి పోయింది. ఇక అయిపోయింది, తలుపు వేసుకుంటుంది అనుకున్నాను. ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి, వంగి, తన చేత్తో గంగుబాయి కాళ్ల మీద పోసింది. పసుపు రాసి బొట్టు పెట్టింది.

"లోపలికి రా వదినె" అంది.

మా వైపు వియ్యపురాళ్లు ఒకరినొకరు పిలుచుకునే పిలుపు అది.

లోపలి అర్రలో వదినను పీట మీద కూర్చోబెట్టారు. గంగుబాయి కుసుమ నూనె గిన్నెలో పోసి, నిప్పుల మీద కాదు, వేడి బూడిదలో కాసేపు పెట్టింది. మొదట తన మణికట్టు మీద చుక్క వేసుకుని చూసుకుంది. అరచేతులు రెండూ తడిపి, కడుపు కింది నుంచి పైకి, పక్కల నుంచి బొడ్డువైపు రాసింది. వేళ్లు కాదు, అరచెయ్యి మాత్రమే.

"సూడు పోరీ, నేర్చుకో" అంది నాతో. "ఒత్తేది లేదు. పిసికేది లేదు. పిల్లి ఈపు రాసినట్టు రాయాలె. స్నానం చేసినంక, ఒళ్లు తడి ఆరకముందే రాస్తె చర్మం తాగుతది."

నూనె పడుతుంటే పొట్టు లేచిన చోటల్లా నల్లగా, నున్నగా అయింది. వదిన కండ్లు మూసుకుంది. తల్లి చచ్చిపోయిందన్న కబురు వచ్చిన రోజు కూడా ఆమె మా ముందు ఏడవలేదు. ఇప్పుడు కండ్లు మూసుకునే ఏడ్చింది, శబ్దం లేకుండా. గంగుబాయి చెయ్యి ఆపలేదు, ఎందుకని అడగలేదు. అవ్వ దర్వాజ దగ్గర నిలబడి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

ఆ మధ్యాహ్నం వదిన నిద్రపోయింది. ఎక్కడా గీరుకోకుండా, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలాగా నిద్రపోయింది. నేను పక్కన కూర్చుని చూశాను. ఆ సీజన్ అంతటిలో నాకు బాగున్న మధ్యాహ్నం అదొక్కటే. ఆ సుఖం సాయంత్రం అన్నాల వేళ దాకే ఉంది.

గంగుబాయి జొన్నరొట్టె తిని చెయ్యి కడుక్కుంది.

"శుక్రవారం బండి కట్టుండ్రి" అంది అవ్వతో. "ఏడో నెల గద, తోల్కపోత. ముక్తాబాయి ఇంట్లనే కాన్పు."

"ఇంటికి తాళమున్నదన్నరు గద?"

గంగుబాయి నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి చూపించింది. "ఆత్మారాం నాకే ఇచ్చిపోయిండు. రోజు దీపం పెడుతున్న. దగ్గర్నే పండుకుంట నేను. మంత్రసాని మా ఎనుకింట్లనే."

గోడ మీద రేణుకమ్మ తల లేచింది. "గిదేంది భీమవ్వా? గాండ్లామె ఎంట పంపుతవా పిల్లను?"

"నూనె తెచ్చినామె ఎంట పంపుతున్న" అంది అవ్వ. "నువ్వు తెస్తె నీ ఎంట పంపుదును. తెస్తివా?"

రేణుకమ్మ తల దిగిపోయింది. అన్న గట్టిగా నవ్వాడు. అవ్వను ఎవరో గెలిపించినంత సంతోషం ఆయనకు. వదిన నిద్ర లేచి ఈ మాట విని, ముందు అర్థం కానట్టు అందరినీ చూసి, తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె చెయ్యి నూనెతో వెచ్చగా ఉంది. ఎంత సంతోషమో ఆ ముఖంలో. నేనూ నవ్వాను. నేను లెక్కలోకి రాదనుకున్నదాన్ని అవ్వ లెక్కలో వేసింది.

ఇదంతా పోయిన ఏటి మాట. వదినకు ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టే రోజు మేమందరం పోయి చూసి వచ్చాం. అక్కడ నలుగురిలో నేనేమీ మాట్లాడలేకపోయాను. తర్వాత ఆత్మారాం తన పొలం అన్నకు కౌలుకిచ్చాడు. అన్న కూడా అక్కడే ఉంటున్నాడు. వానాకాలం నది నిండితే కబురు కూడా రాదు. ఇంట్లో ఇప్పుడు బాపు, అవ్వ, నేను. బాపు చెరకు బండి మీద ఫ్యాక్టరీకి పోయి, వరసలో ఎడ్లు విప్పుకుని రెండు రోజులకు గాని రాడు. అవ్వ పగలంతా చేను కాడ. ఫ్యాక్టరీ కూత గాలి ఇటు వీస్తే వినబడుతుంది, లేకపోతే అదీ లేదు.

ఆ శుక్రవారం నాడు రేవు దాకా నేనూ పోయాను. బండిలో గడ్డి పరిచి, మీద బొంత వేసి వదినను కూర్చోబెట్టారు. పక్కన గంగుబాయి, ముందర అన్న. నీళ్లు ఎడ్ల మోకాళ్ల వరకే ఉన్నాయి. చల్లటి గాలి, అవతల ఇసుక మీద ఎండ. బండి దిగుడులోకి మళ్లే ముందు వదిన అన్న భుజం తట్టి ఆపించింది.

"వన్సా, నువ్వు భి రా" అంది. "కాన్పు దాక ఉండు నా తోని."

"రానీ, ఇల్లు పెద్దదే" అంది గంగుబాయి. "కడుపుకు రాయ నేర్చింది గద."

"పోతవానే?" అని అవ్వ నావైపు తిరిగింది. అన్న ఎడ్ల పగ్గాలు బిగించి పట్టుకుని చూస్తున్నాడు. అందరూ ఒక్కసారే నన్ను చూశారు. నాకు చెవులు వేడెక్కాయి.

"ఇంట్ల పని ఉన్నది" అన్నాను.

మా చెరకు నరకడం అయిపోయింది. కొత్త పసుపు ఉడికించడం ఇంకా మొదలు కాలేదు. ఇంట్లో ఏ పనీ లేదని అందరికీ తెలుసు. వదిన ఇంకొంచెంసేపు నా ముఖంలోకి చూసింది, ఏదో మాట కోసం వెతుక్కుంటున్నట్టు. మొదటిసారి అడిగినప్పుడే అవునని చెప్పగలిగే వాళ్లుంటారు. నన్ను ఇంకోసారి అడగాలి. ఇంకోసారి అడిగేలోపు ఎడ్లు తమంతట తామే నీళ్లలోకి దిగాయి.